కత్తిపీటకు కుంకుమబొట్టు

గోరింటలంక పోలీస్ స్టేషన్‌లో ఆయుధాలు మొత్తం మూడు. రెండు తుపాకులు, ఒక బాయినెట్టు. తుపాకుల్లో ఒకటి పేలదని అందరికీ తెలుసు. రెండోది పేలుతుందో లేదో చూడటానికి ఇంతవరకూ ఎవరికీ ధైర్యం చాల్లేదు. బాయినెట్టుతో పై ఆఫీసు నుంచి వచ్చే పార్సిళ్లు విప్పుతారు.

ఈ మూడింటితో శాంతిభద్రతలు నిక్షేపంలా సాగిపోతున్న రోజుల్లో, దసరా ఇంకా పది రోజులుందనగా జిల్లా కార్యాలయం నుంచి ఒక ఉత్తర్వు ఊడిపడింది. "ప్రతి స్టేషను నందు గల సమస్త ఆయుధములకు విధిగా పూజ నిర్వహించి, ఆయుధముల సంఖ్యను ఫోటోలతో సహా నివేదించవలెను. అత్యధిక ఆయుధములకు అత్యంత భక్తిశ్రద్ధలతో పూజ నిర్వహించిన స్టేషనుకు షీల్డు బహూకరింపబడును" అని అందులో ఉంది.

హెడ్ కానిస్టేబుల్ తాతబ్బాయి దాన్ని చదివి వినిపించి, మూడింటికైతే చిన్న కుంకుమ పొట్లం చాలన్నాడు. తాతబ్బాయిది ముప్ఫై నాలుగేళ్ల సర్వీసు. వచ్చే మే నెలాఖరుకు దిగిపోతాడు. ఈలోగా తన చేతి మీదుగా కొత్త తప్పేదీ జరగకుండా కాపాడమని పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని డ్యూటీ ఎక్కేవాడు. కేసు సామాన్లు దాచే గది తాళంచెవి అతని మొలతాడుకే వేలాడేది.

ఎస్సై వంశీధర్‌కు షీల్డు అన్న మాట తప్ప మరేమీ వినబడలేదు. పక్క స్టేషన్ వాళ్లు లాఠీలను కూడా కలుపుకుని నలభై రెండు లెక్క తేల్చారని ఆయనకు కబురందింది. లాఠీలు మన దగ్గరా ఉన్నాయి కదా అని లెక్కపెట్టిస్తే తొమ్మిదే తేలాయి. అప్పుడాయన చూపు కేసు సామాన్ల గది మీద పడింది. కోడిపందాల్లో పట్టుకున్న కత్తులు ఇరవై రెండు, కల్లుగీత కత్తులు నాలుగు, కొడవళ్లు రెండు, గునపాలు రెండు. అన్నీ కలిపితే సరిగ్గా నలభై రెండు అయ్యాయి.

"ఇంకొక్కటి కావాలి తాతబ్బాయ్" అన్నాడు ఎస్సై.

"అయిపోయినాయండి. ఇంక ఉన్నదల్లా సూరన్న కేసు కత్తిపీటండి. అది పరీక్షకెల్లాలండి."

"పంచనామాలో దాన్ని ఏమని రాశావు?"

"మారణాయుధం అనండి."

"రాసినప్పుడు ఆయుధం, పూజ అనేసరికి కత్తిపీటా? పూజ చెయ్యకపోతే ఒక ఆయుధాన్ని తొక్కిపెట్టినట్టు కాదూ?"

ముప్ఫై నాలుగేళ్లలో తాతబ్బాయి నేర్చుకున్నది ఒకటే, పై అధికారి మాటల్లో తర్కం ఉన్నప్పుడు మరింత జాగ్రత్తగా ఉండాలని. కానీ ఎంత జాగ్రత్తగా ఉన్నా చివరికి "అలాగేనండి" అనక తప్పదు. అనేశాడు.

సూరన్న కేసు అప్పటికి నెల రోజుల నాటిది. సూరన్న, నూకరాజు అన్నదమ్ములు. పక్కపక్క ఇళ్లు, పక్కపక్క దొడ్లు, రెంటికీ సరిహద్దులో ఒక కొబ్బరిచెట్టు. అది నాదంటే నాదని ఎనిమిదేళ్లుగా మాటల్లేవు. ఒక గాలివాన వెలిసిన పొద్దున సూరన్న దొడ్లో తల పగిలి పడి ఉన్నాడు. మొదట చూసింది తమ్ముడి భార్య పల్లాలమ్మ. చూసి కేకలు పెట్టింది కాబట్టి చంపింది కూడా ఆమే అయి ఉంటుందని సూరన్న భార్య ఫిర్యాదు ఇచ్చింది. పోలీసులు వెళ్లి చూస్తే పల్లాలమ్మ వంటింట్లో కత్తిపీట మీద నల్లటి ఎరుపు మరకలు కనబడ్డాయి.

అది అరటిపువ్వు కర అని పల్లాలమ్మ చెప్పింది. పెద్ద చప్పుడు విని దొడ్లోకి పరుగెత్తానని కూడా చెప్పింది. చప్పుడు మూటగట్టి సీలు వెయ్యగలిగే వస్తువు కాదు కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. కత్తిపీటను మాత్రం స్వాధీనం చేసుకున్నారు. ఎండ చురుక్కుమంటోంటే ఎవరో కొబ్బరిబొండాలు కొట్టి అందరికీ ఇచ్చారు. తాతబ్బాయి రెండు తాగి, ప్రాణం చల్లబడి, ఆ ఊపులో 'మారణాయుధం' అన్న మాటను గుండ్రటి అక్షరాలతో ముచ్చటగా రాశాడు.

శవపరీక్ష చేసిన డాక్టరు అది మొద్దు వస్తువు దెబ్బ అన్నాడు. అయితే కత్తిపీటను తిరగేసి చెక్కవైపు కొట్టిందని ఎస్సై రాసుకున్నాడు. చెక్కతో కొడితే రక్తం ఇనుముకు ఎలా అంటిందన్నది ప్రయోగశాల తేల్చవలసిన విషయం.

తేల్చాలంటే ముందు పంపాలి. కేసు వస్తువులు పంపే పెట్టె కొలతలు నియమావళిలో ఉన్నాయి. కత్తిపీట అందులో పట్టలేదు. పెద్ద పెట్టె మంజూరు చెయ్యమని రాస్తే, పెట్టెలో పట్టని వస్తువును ఎందుకు స్వాధీనం చేసుకున్నారో సంజాయిషీ ఇమ్మన్నారు. ఆ ఉత్తరాలు అటూ ఇటూ తిరుగుతూండగా కత్తిపీట పాత వార్తాపత్రిక చుట్టుకుని అటక మీద కూర్చుంది, పల్లాలమ్మ జైల్లో కూర్చుంది.

నూకరాజు రైసుమిల్లులో కూలీ. ప్రతి మంగళవారం వచ్చి స్టేషన్ మెట్ల కింద చెప్పులు విడిచి నిలబడేవాడు.

"కాయితం ఒచ్చిందాండి బాబూ? అది అరటిపువ్వు కరేనండి. ముందురోజు ఆ కూర తిన్నది నేనేనండి. నా మాట కాదండి, ఆ మిషన్లో పెట్టి సూత్తే అదే సెప్పేత్తాదంట కదండి."

"సెప్పేస్తుందిలే. పెట్టె రానీ" అనేవాడు తాతబ్బాయి. ఆ మాట అతను మనస్ఫూర్తిగానే అనేవాడు. అరటిపువ్వు ఒలిచిన చెయ్యి వారం దాకా తెల్లబడదని అతనికి ఇంట్లో తెలిసిన సంగతే. ఆ కాయితం వస్తే పల్లాలమ్మ ఇంటికి వెళ్లిపోతుందని అతని నమ్మకం.

దసరా రోజున స్టేషన్ ముందు షామియానా వేశారు. సీఐ పరంధామయ్య ముఖ్య అతిథి. నలభై మూడు ఆయుధాల్లోనూ తనంతట తాను నిటారుగా కూర్చోగలిగింది కత్తిపీట ఒక్కటే కావడంతో దాన్ని నడిమధ్య పీట మీద పెట్టారు. మరకల మీద బొట్టు ఆనకపోయేసరికి తాతబ్బాయి దాన్ని చింతపండు పెట్టి తళతళా తోమాడు. నిండుగా పసుపు రాశాడు. ఐదు కుంకుమబొట్లు పెట్టాడు. కొనకు నిమ్మకాయ గుచ్చాడు. బంతిపూల దండ వేశాడు. సీఐ హారతి ఇచ్చాడు, ఎస్సై కొబ్బరికాయ కొట్టాడు, ఫోటో తీశారు. అమ్మవారి కళ వచ్చిందని అందరూ చెంపలు వేసుకున్నారు. తాతబ్బాయి కూడా వేసుకున్నాడు.

షీల్డు గోరింటలంకకే వచ్చింది. దాన్ని, ఫోటోను ఎస్సై కుర్చీ వెనక గోడకు తగిలించారు. ఆ మర్నాడే పెద్ద పెట్టె కూడా వచ్చింది.

ప్రయోగశాల జవాబుకు మూడు నెలలు పట్టింది. "సదరు వస్తువుపై పసుపు, కుంకుమ, నిమ్మరసం, గంధము, కర్పూరపు మసి సమృద్ధిగా గుర్తింపబడినవి. రక్తము ఉన్నదీ లేనిదీ చెప్ప వీలుపడదు. అరటిపువ్వు కర ఉన్నదీ లేనిదీ చెప్ప వీలుపడదు" అని వచ్చింది.

తాతబ్బాయి ఆ కాయితాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాడు. సీఐ ఆ పూట ఎస్సై కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, లేచి నిలబడ్డాడు.

"మిస్టర్ వంశీధర్, మనము ఇంతకాలము ఈ కేసును ఒక సామాన్య కుటుంబ కలహముగా భావించి ఘోర తప్పిదము చేసితిమి. హత్యకు పూర్వము ఆయుధమునకు యథావిధిగా పూజ జరిగినట్లు శాస్త్రీయముగా నిర్ధారణ అయినది. పసుపు, కుంకుమ, నిమ్మకాయ! ఇది హత్య కాదు. నరబలి!"

ఎస్సై తలెత్తి సీఐ వంక చూశాడు. సీఐ తల వెనకాల గోడ మీద షీల్డు, పక్కన ఫోటో ఉన్నాయి. ఫోటోలో సీఐ హారతి ఇస్తున్నాడు. ఎస్సై తల దించుకున్నాడు.

సీఐ వెళ్లాక తాతబ్బాయి ఎస్సై బల్ల దగ్గరికి వచ్చాడు.

"అయ్యా, ఆ పూజ మనవే చేశామండి. ఇప్పుడైనా ఒక ముక్క రాసేద్దావండి."

"రాద్దాం. ఏమని రాస్తావు? కేసు వస్తువును తోమింది ఎవరు?"

"నేనేనండి."

"పసుపు రాసింది?"

"నేనేనండి. మీరు రాయమంటేనండి."

"నేను రాయమన్నట్టు రాతపూర్వకంగా ఉందా? లేదు కదా. నీ రిటైర్మెంటు ఎప్పుడు?"

"మే నెలాఖరుకండి."

"మరి మే నెలాఖరు దాకా నోరు మూసుకుని కూర్చుంటే పింఛను వస్తుంది, హాయిగా ఇంటికెళ్తావు. ఆలోచించుకో."

తాతబ్బాయి ఆలోచించుకున్నాడు. పిరికివాడు ఆలోచించుకుంటే ఏ నిర్ణయానికి వస్తాడో అతనూ అదే నిర్ణయానికి వచ్చాడు. మంగళవారం నూకరాజు వచ్చి కాయితం గురించి అడిగితే, వచ్చిందని, కానీ అందులో నరబలి అని ఉందని చెప్పాడు.

"నరబలేటండి!" అని నూకరాజు మెట్ల మీదే చతికిలపడ్డాడు. "మా ఆడది బల్లిని సూత్తేనే కేకలేత్తాదండి. కోడిని కొయ్యాలంటే పక్కింటోళ్లని పిలుత్తాదండి. ఆ మిషన్‌కి మేవేం అన్యాయం సేశావండి?"

తాతబ్బాయి లోపలికి వెళ్లి కూజాలో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. అంతకన్నా ఏమీ చెయ్యలేదు. అందుకు ఆ రోజు తనను తానే తిట్టుకున్నాడు.

జైల్లో మాత్రం పల్లాలమ్మ పరపతి పెరిగింది. వార్డర్లు ఆమెకు ఎదురుపడకుండా పక్కకు తప్పుకునేవారు. ఒక వార్డరమ్మ చాటుగా వచ్చి, తన మొగుడి తాగుడు మానిపించడానికి నిమ్మకాయ మంత్రించి ఇమ్మని బతిమాలింది. నాకేమీ రాదమ్మా అని పల్లాలమ్మ ఏడిస్తే, పెద్ద విద్యలు తెలిసినవాళ్లు అలాగే అంటారని దండం పెట్టి వెళ్లిపోయింది.

పల్లాలమ్మ తరఫున ప్లీడరు కనకవల్లి వాదిస్తోంది. అదే గదిలో ఉన్న మిగతా వస్తువులను కూడా పరీక్షించాలని ఆమె కోర్టులో అర్జీ పెట్టింది. మిగతా వాటి మీదా కుంకుమ ఉందని తేలితే అది గదిలో అంటుకున్నదే అవుతుందని ఆమె ఎత్తు. కోర్టు ఒప్పుకుంది. నలభై రెండు వస్తువులు వెళ్లాయి. లాఠీలు, తుపాకులు, బాయినెట్టు స్టేషనువి కాబట్టి వాటి బదులు పట్టుబడ్డ కల్లుముంతలూ, సైకిలు చెయిన్లూ సంఖ్యకు సరిపడా పంపారు. పూజ నాడు అటక మీద పసుపు కుంకుమ నీళ్లు చల్లినప్పుడు వాటికీ ప్రసాదం దక్కింది. జవాబు త్వరగానే వచ్చింది. అన్నింటి మీదా అదే పసుపు, అదే కుంకుమ, ఒకే దుకాణపు సరుకు.

కనకవల్లి గెలిచాననుకుంది. సీఐ పరంధామయ్య అంతకన్నా ఎక్కువ సంతోషించాడు.

"చూచితిరా! గోరింటలంక పరిధిలో గత రెండేళ్లలో జరిగిన సమస్త నేరములు ఒకే ముఠా చేయుచున్నది. కోడిపందాలు, కల్లు, సైకిళ్ల దొంగతనము, అన్నింటికీ ముందు ఒకే విధమైన పూజ. ఈ కుంకుమ ముఠాకు నాయకురాలు పల్లాలమ్మ!"

ఆ వారంలో ముప్ఫై ఒక్క మందిని పట్టుకొచ్చారు. పందెగాళ్లు, గీతకార్మికులు, ఒక సైకిలు దొంగ. వాళ్లలో ఒకరి మొహం ఒకరికి తెలియదు. ముఠా సభ్యులు ఒకరినొకరు ఎరగనట్టు నటించడం ముఠా తెలివికి నిదర్శనమని రాసుకున్నారు. సైకిలు దొంగకు తన నాయకురాలిని చూడాలని కోరిక పుట్టి, జైల్లో పల్లాలమ్మ కనబడగానే కాళ్ల మీద పడ్డాడు. దాన్నీ రాసుకున్నారు.

ఆ తరవాత కుంకుమ నేరాల ప్రత్యేక విభాగం పెట్టారు. కుంకుమ కొనేవాళ్ల పేరు, ఊరు, ఏ దేవుడికన్నదీ రాయమని దుకాణాలకు ఉత్తర్వులిచ్చారు. వంతెన దగ్గర బస్సులు ఆపి ఆడవాళ్ల నుదుటి మీద నుంచి దూదితో బొట్టు నమూనాలు తీశారు. దాంతో ఊళ్లో ఆడవాళ్లంతా స్టిక్కరు బొట్లకు మారారు. బొట్లు మార్చడం సాక్ష్యాన్ని మాయం చెయ్యడమేనని ఒక ప్రకటన వచ్చింది. తాతబ్బాయి భార్య ఒకరోజు బొట్టు చెరిపించుకుని ఇంటికొచ్చి, "నేను ముత్తైదువునో కాదో మీ సీఐ గారు తేలుస్తారంట, ఆయన్ని అడిగి పెట్టుకుంటాలే" అని కంచం ఠక్కున పెట్టింది. తాతబ్బాయి తలెత్తకుండా తిన్నాడు.

అంతటితో ఆగినా బాగుండేది. కానీ శాస్త్రం నిష్పక్షపాతంగా ఉండాలి కదా. పోల్చి చూడటానికి నేరంతో సంబంధం లేని శుద్ధమైన ఆయుధం ఒకటి పంపమని ప్రయోగశాల అడిగింది. స్టేషన్ తుపాకీ కన్నా శుద్ధమైనది ఏముంటుందని సీఐ పేలని తుపాకీని పంపించాడు. దాని మీదా అదే కుంకుమ ఉందని వచ్చింది. నమ్మలేక బాయినెట్టును పంపాడు. అదే జవాబు. మొండికెత్తి జీపు పంపాడు. చక్రాల కింద నలిగిన నిమ్మకాయలతో సహా అన్నీ దొరికాయి.

సీఐ రెండు రోజులు తలుపు వేసుకుని ఆ జవాబులే తిరగేశాడు. మూడో రోజు తేరుకున్నాడు.

"ముఠా వారు మన స్టేషను లోపలికే ప్రవేశించి మన ఆయుధములకే పూజ చేసినారు. ఎంతటి తెగింపు! మన లోపలి మనిషి సాయము లేక ఇది అసాధ్యము. అతడెవరో కనిపెట్టి తీరవలెను."

ఆ మాట అంటూ ఆయన చూపు తాతబ్బాయి మొలతాడు మీద, దానికి వేలాడుతున్న తాళంచెవి మీద నిలిచింది.

కేసు కోర్టులో విచారణకు వచ్చేసరికి మే నెల సగం గడిచింది. తాతబ్బాయికి ఇంకా పదిహేను రోజుల సర్వీసు ఉంది. బోనులో పల్లాలమ్మ మనిషి సగమైంది. నుదుట బొట్టు కూడా లేదు, జైలు వాళ్లు సాక్ష్యం కింద తీసుకున్నారు. తలుపు దగ్గర నూకరాజు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పక్కనే సూరన్న భార్య కూర్చుని ఉంది. తన ఫిర్యాదు ఇంత పెద్దదవుతుందని ఆమె ఊహించినట్టు లేదు.

శాస్త్రాధికారి వచ్చి, తన నలభై ఏళ్ల అనుభవంలో ఇంత స్వచ్ఛమైన, ఇంత విస్తృతమైన కుంకుమను చూడలేదని చెప్పాడు. సీఐ వచ్చి, ముఠా స్వరూప స్వభావాల గురించి గంటసేపు చెప్పాడు. చివరికి కేసు సామాన్ల బాధ్యుడిగా తాతబ్బాయిని పిలిచారు.

కనకవల్లి ఒకే ఒక ప్రశ్న అడిగింది. "తాతబ్బాయి గారూ, కత్తిపీట మీ గదిలోకి వచ్చినప్పుడు దాని మీద కుంకుమ ఉందా?"

ఎస్సై తల అడ్డంగా ఊపుతున్నాడు. సీఐ మీసం సవరిస్తున్నాడు. తాతబ్బాయికి మే నెలాఖరు కళ్ల ముందు కదిలింది, పింఛను కదిలింది. తలుపు దగ్గర నూకరాజు కనబడ్డాడు. ముప్ఫై అయిదు మంగళవారాలుగా అతను అలాగే చెప్పులు విడిచి నిలబడుతూ వచ్చాడు. తాతబ్బాయికి సిగ్గేసింది. ఇంత సిగ్గు అతనికి ముప్ఫై నాలుగేళ్లలో ఎప్పుడూ వెయ్యలేదు.

"లేదండి. కుంకుమ నేనే పెట్టేనండి. పసుపూ నేనే రాసేనండి. అంతకు ముందు చింతపండెట్టి తోమింది కూడా నేనేనండి."

సీఐ కుర్చీలోంచి లేచాడు. "మహాప్రభూ, చూచితిరా! లోపలి మనిషి దొరికినాడు! ముఠాలో ముప్ఫై రెండవవాడు ఇతడే!"

"అయితే ముప్ఫై మూడోవారు, ముప్ఫై నాలుగోవారు కూడా ఉన్నారండి" అన్నాడు తాతబ్బాయి. ఎందుకైనా మంచిదని తెచ్చుకున్న గుడ్డ సంచీలోంచి షీల్డునూ, ఫోటోనూ తీసి జడ్జి గారి బల్ల మీద పెట్టాడు.

జడ్జి గారు ఫోటోను దగ్గరగా, తరవాత దూరంగా పెట్టి చూశారు. నడుమ బంతిపూల దండతో కత్తిపీట, కొనకు నిమ్మకాయ, అటు కొబ్బరికాయ కొడుతున్న ఎస్సై, ఇటు హారతి పళ్లెంతో ఒక పెద్దమనిషి.

"సీఐ గారూ, ఈ హారతి ఇస్తున్నది ఎవరు?"

పరంధామయ్య కళ్లజోడు తుడుచుకుని చూశాడు. "పోలికలు నావలెనే ఉన్నవండి. అయితే విచారించి చెప్పవలసి ఉన్నది."

విచారించి చెప్పడానికి వారం గడువిచ్చారు. ఆ వారం జిల్లా కార్యాలయంలో పెద్ద తర్జనభర్జన జరిగింది. పూజ జరిగిందని ఒప్పుకుంటే కేసు వస్తువును పాడుచేసినట్టు. జరగలేదంటే ఫోటోలో ఉన్నవాళ్లంతా ముఠా. రెండింటికీ మధ్య దారి ఒకటి వెదికి, వెదికి, చివరికి పట్టుకున్నారు. గడువు రోజున కోర్టుకు ఒక వివరణ వచ్చింది.

"కత్తిపీట అనునది వంటసామాను విభాగములోనికి వచ్చును గాని ఆయుధము కాజాలదు. ఆయుధము కానందున దానికి ఆయుధపూజ జరిగినట్లు పరిగణింప వీలులేదు. పూజ జరగనందున కేసు వస్తువు పాడగుట అను ప్రశ్న ఉత్పన్నము కాదు."

"బాగుంది" అన్నారు జడ్జి గారు. "ఆయుధం కాదంటే ముద్దాయి దేనితో చంపినట్టు?"

"ఆ విషయము ఈ వివరణ పరిధిలోనికి రాదండి" అన్నాడు ప్రభుత్వ ప్లీడరు.

కేసు కొట్టేశారు. పల్లాలమ్మకు ముందు ఏం జరిగిందో అర్థం కాలేదు. అర్థమయ్యాక నూకరాజు భుజం పట్టుకుని అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. సూరన్న భార్య లేచి రెండడుగులు ముందుకు వేసి ఆగిపోయింది.

కత్తిపీట ఆయుధం కాకపోయేసరికి గోరింటలంక లెక్క నలభై మూడు నుంచి నలభై రెండుకు దిగింది. పక్క స్టేషన్‌తో సమానమైంది. ఇకనుంచి షీల్డును ఆరు నెలలు వాళ్లు, ఆరు నెలలు వీళ్లు గోడకు తగిలించుకోవాలని తీర్పిచ్చారు. కుంకుమ నేరాల విభాగాన్ని రద్దు చెయ్యడానికి వీల్లేదు, అప్పటికే పదోన్నతులు ఇచ్చేశారు కాబట్టి దాన్ని అగరువత్తుల పర్యవేక్షణకు మార్చారు. సీఐ దానికి అధిపతి అయ్యాడు. తాతబ్బాయికి మాత్రం తాఖీదు వచ్చింది. ప్రభుత్వ కుంకుమను వంటసామానుకు వాడినందుకు సంజాయిషీ ఇచ్చేదాకా పింఛను నిలిపివేశారు.

అతని ఆఖరి డ్యూటీ కత్తిపీటను సొంతదారుకు అప్పజెప్పి సంతకం తీసుకోవడం. సైకిలు వెనక కట్టుకుని లంకకు వెళ్లాడు. పల్లాలమ్మ దొడ్లో పొయ్యి రాజేస్తోంది. అతన్ని చూసి లేచి, చీరకొంగు భుజం నిండా కప్పుకుని పీట వేసింది.

"కూకోండి బాబూ. మీరు ఆ మాట సెప్పకపోతే నేను లోపలే పోయేదాన్నండి."

తాతబ్బాయి మొహం ఎటు పెట్టుకోవాలో తెలియక కాయితం చాపాడు. ఆమె వేలిముద్ర వేసింది. కత్తిపీట అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. పెళ్లయిన నాటి నుంచి అదంత తెల్లగా ఎప్పుడూ లేదు.

"ఒక మాటండి" అంది. "మా బావ ఎలా పోయేడో ఎవరైనా కనుక్కున్నారాండి?"

తాతబ్బాయి ఉలిక్కిపడ్డాడు. నలభై అయిదు వస్తువులనూ, ఒక జీపునూ, వందల నుదుళ్లనూ పరీక్ష చేశారు. ఆ ప్రశ్న మాత్రం ఎవరూ వెయ్యలేదు. తనూ వెయ్యలేదు.

"సప్పుడిన్నానని సెప్పేను కదండి. ఎల్లి సూత్తే బావ పడున్నాడండి, నెత్తి పక్కనే కొబ్బరిగెల పడుందండి. ఎనిమిదేళ్లు ఎవరూ సెట్టెక్కలేదు కదండి, ఆ గాలికి గెలకి గెల ఊడొచ్చేసిందండి. ఓ పక్కంతా రగతవేనండి. నేను గెల గెల అని ఏలెట్టి సూపిత్తూనే ఉన్నానండి, నా మాట ఎవరూ ఇనుకోలేదండి. ఆ గెల మీరు తీసుకెల్లారనుకున్నానండి. ఏం సేశారండి దాన్ని?"

తాతబ్బాయి చెట్టు వైపు చూశాడు. ఆ రోజు ఎండ గుర్తొచ్చింది. పంచనామా రాస్తూండగా ఎవరో గెల ఈడ్చుకొచ్చి, నీళ్లతో కడిగి, బొండాలు కొట్టి వరసగా అందరి చేతుల్లో పెట్టడం గుర్తొచ్చింది. కొబ్బరిచెట్టు కింద కొబ్బరిగెల ఉండటంలో విశేషం లేదని ఎస్సై అనడమూ, దాన్ని రాయకపోవడమూ గుర్తొచ్చాయి. రెండో బొండం తనే అడిగి మరీ తాగాడు.

అబద్ధం చెప్పడానికి ఇప్పుడు పింఛను కూడా లేదు.

"తాగేశామమ్మా" అన్నాడు.

పల్లాలమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసింది. గోడ అవతల తోటికోడలు గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది, ఆమె కూడా వింటోందన్నమాట.

"మా బావ ఏసిన సెట్టండి అది" అంది చివరికి పల్లాలమ్మ. "మాకొక్క కాయ ఇచ్చింది లేదు, తను తిన్నదీ లేదు. దాని రుసి ఈ రెండిళ్లలో ఎవరికీ తెలవదండి." కొంగుతో కళ్లు తుడుచుకుని అడిగింది. "తియ్యగున్నాయా బాబూ?"

తాతబ్బాయి లేచి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"చాలా తియ్యగా ఉన్నాయమ్మా" అన్నాడు. ఆ కేసులో అతను ఇచ్చిన రెండో సాక్ష్యం అది. దాన్ని రాసుకునేవాళ్లు ఎవరూ లేరు.